అరవై ఒకటో పూస

లోకం మొత్తం మీద మనుషులకు అమర్చిన తోడుపూసలు అరవై. దుర్గం పోశం శవంలో దొరికింది అరవై ఒకటోది.

డాక్టర్ సబిత దాన్ని స్టీలు గిన్నెలో పటకారుతో అటూ ఇటూ దొర్లించి చూసింది. పెసరగింజంత ఉంది. బూడిదరంగు. ఒక కొసన వెంట్రుకలో సగం మందాన రంధ్రం. పొరపాటు పడే అవకాశమే లేదు. ఆ రంధ్రం ఎంత ఉండాలో తేల్చడానికి ఆమె పద్నాలుగు నెలలు ఖర్చుపెట్టింది.

"ఎడమ పక్క, మెడ కింది ఎముక చాటున ఉంది మేడం," అన్నాడు శవపరీక్ష చేసిన డాక్టరు. "దాని మీద మీ పరిశోధన కేంద్రం గుర్తు కనబడింది. అందుకే ఫోన్ చేశాను. ఈయన మీ ప్రయోగంలో మనిషేనా?"

"కాదు," అంది సబిత. "ఎలా పోయాడు?"

"కడుపులో పుండు పగిలింది. లోపలంతా చీము. కనీసం నాలుగు రోజులు పట్టి ఉంటుంది. మామూలు మనిషైతే రెండో గంటకే కాలనీ అంతా లేచేలా అరుస్తాడు."

"ఈయన అరవలేదా?"

డాక్టరు చేతి తొడుగులు విప్పుతూ ఆగాడు. "అదే నాకూ అర్థం కావడం లేదు. గోడ అవతలే తమ్ముడి కుటుంబం. రోజూ కిటికీలోంచి కూర గిన్నె అందిస్తారట. నాలుగు రోజులూ 'వద్దులే, మంచిగున్న' అని నవ్వుతూ చెప్పాడట. తలుపు గడియ కూడా పెట్టుకోలేదు మేడం. ఎవర్ని పిలిచినా వచ్చేవాళ్లే. ఎవర్నీ పిలవలేదు."

సబిత దుప్పటి తొలగించి పోశం మొహం చూసింది. తన చిన్నప్పుడు గని క్యాంటీన్ నుంచి బన్ను దాచి తెచ్చిపెట్టి, తనను భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి. తన తండ్రితో ముప్పై ఏళ్లు ఒకే షిఫ్టులో గనిలోకి దిగినవాడు. నాలుగు రోజుల నరకం చూసిన మొహంలా లేదది. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తున్నవాడి మొహంలా ఉంది.

ఆమె దుప్పటి తిరిగి కప్పింది.

*

తోడుపూస పుట్టింది ఒక చాయ్ హోటల్లో.

ఆరో నంబర్ గని మూతపడి పద్నాలుగేళ్లయింది. మొదటి షిఫ్టులో పనిచేసి రిటైరైన ముప్పై ఒక్కమంది మాత్రం ఒక అలవాటు మానలేదు. పొద్దున ఆరు గంటలకు లచ్చవ్వ చాయ్ హోటల్ ముందు చేరి మస్టర్ పిలుచుకునేవారు. గనిలోకి దిగేముందు సర్దారు పేర్లు పిలిచి హాజరు వేసుకున్నట్టే. పిలిచేది సబిత తండ్రి గట్టయ్య. పిలిచిన ప్రతివాడూ "ఉన్న!" అనాలి. గట్టయ్య తన పేరు తానే పిలిచి తానే "ఉన్న!" అని అరిచేవాడు, రోజూ అదే హాస్యం, రోజూ అందరూ నవ్వేవారు. రెండుసార్లు పిలిచినా ఎవడైనా పలకకపోతే ఇద్దరు లేచి, చాయ్ సగంలో వదిలేసి, వాడింటికి పోయేవారు. అదేదో మంచి పని అని వాళ్లు ఎన్నడూ అనుకోలేదు. గని లోపల పలకని పేరంటే పైకప్పు కూలినట్టు లెక్క. అంతే.

ఆ ముప్పై ఒక్కమంది ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్మే. అరవై ఐదు దాటరని డాక్టర్లు చెప్పినవాళ్లు డెబ్బై ఆరు, డెబ్బై ఎనిమిది దాటి బతుకుతున్నారు. ఎందుకో తేల్చాలని సబిత పంతం పట్టింది. మస్టర్‌కు ముందు, మస్టర్ తర్వాత వాళ్ల రక్తం తీసి చూసింది. పేరు పిలిపించుకున్న గంటలోపు ప్రతివాడి రక్తంలోనూ ఒక పదార్థం పెరుగుతోంది. గుండెను నెమ్మదింపజేస్తోంది, వాపులు తగ్గిస్తోంది, నిద్ర పట్టిస్తోంది. కేంద్రంలో దానికి తోడురసం అని పేరుపెట్టుకున్నారు. ఆరేళ్లలో దాన్ని తయారుచేసి పెసరగింజంత పూసలో నింపారు. ఆ పూస రక్తాన్ని చదువుతుంది. మనిషిలో ఒంటరితనం తాలూకు గుర్తులు పెరిగినప్పుడు ఒక బొట్టు వదులుతుంది. తగ్గగానే ఆగిపోతుంది.

ఎవరూ లేనివాళ్లకు ఇదైనా ఉంటుంది కదా అనుకున్నారు. మూడు పట్టణాల్లో ఒంటరిగా బతుకుతున్న అరవై మందికి అమర్చారు. ఏడాది గడిచింది. 'మీ మనసు ఎలా ఉంది, పదికి ఎన్ని మార్కులు వేస్తారు?' అని అడిగితే నాలుగు వేసినవాళ్లు తొమ్మిది వేస్తున్నారు. సోమవారం ఢిల్లీలో అనుమతి సంఘం ముందు ఆ ఫలితాలు పెట్టాలి.

ఈరోజు శుక్రవారం.

*

"లెక్క చూద్దాం," అన్నాడు కేంద్రం డైరెక్టర్ మురహరి. మొహం పాలిపోయింది, గొంతు మాత్రం స్థిరంగా ఉంది. "తయారైనవి నూట పద్నాలుగు. అమర్చినవి అరవై. పనికిరానివి యాభై నాలుగు. ఐదు నెలల కిందట వాటిని కొలిమిలో కాల్చేశాం. ఇదిగో సంతకం."

సంతకం సలీంది. పూసలు అమర్చే టెక్నీషియన్. గోడవారగా నిలబడ్డాడు. ఎప్పుడూ పాత పాటలు ఈలవేస్తూ తిరిగే మనిషి, ఇప్పుడు తన బూట్ల వైపు చూస్తున్నాడు.

"పోశంలో దొరికింది ఆ పనికిరాని వాటిలోదే," అంది సబిత. "విప్పి చూశాను. దానికి ఆపడం తెలియదు. అవసరం ఉన్నా లేకపోయినా కారుతూనే ఉంటుంది. సలీం, వాటిని నువ్వు కళ్లారా కాల్చావా?"

"డబ్బా కొలిమిలకు పోయింది మేడం."

"పూసలు డబ్బాలో ఉన్నాయా?"

"ఖసం మేడం, నేను ఒక్క పూస ఎవ్వరికీ పెట్టలే. అరవై కాకుండా ఇంకొకటి నా చేతులతోని పెట్టి ఉంటే ఈ చేతులు పడిపోనీ."

"నేనడిగింది అది కాదు."

మురహరి ఫోన్ అందుకున్నాడు. "పోలీసులకు చెబుదాం. దొంగ వీడో ఇంకొకడో వాళ్లే తేలుస్తారు. మనకు ముఖ్యమైంది ఒకటే సబితా. చచ్చింది చెడ్డ పూస వల్ల. మంచి పూసలు పెట్టుకున్న అరవై మందీ హాయిగా ఉన్నారు."

"ఉన్నారా?"

"తొమ్మిది మార్కులు!"

సబిత ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది. జాబితాలో మొదటి పేరు కరీంనగర్‌లో ఉండే సులోచన టీచర్. రెండో రింగుకే ఎత్తింది. గొంతు హాయిగా ఉంది.

"టీచర్ గారూ, మార్కు కోసం కాదు. చిన్న ప్రశ్న. మీరు చివరిసారి ఎవరితో మాట్లాడారు?"

ఆవిడ నిజంగానే గుర్తు చేసుకుంటోంది.

"నీతోనేనమ్మా. పోయిన నెల ఫోన్ చేసి మార్కు అడిగావు కదా."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నువ్వే ఇప్పుడు."

"మీ చెల్లెలు నెలకోసారి వచ్చేది కదండీ?"

"వస్తానంది. ఎందుకులే అన్నాను. పూస పెట్టించుకున్నాక ఎవరూ రావాలని అనిపించడం లేదమ్మా. చాలా హాయిగా ఉంది."

సబిత పదకొండు మందికి ఫోన్ చేసింది. తొమ్మిది మంది దాదాపు అవే మాటలు చెప్పారు. ఒకాయన రెండు వారాలుగా ఛాతీలో నొప్పి ఉందని, ఎవరికీ చెప్పాలనిపించలేదని, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. మురహరి కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఛాతీ నొప్పి అన్న ఆయన ఇంటికి అంబులెన్స్ పంపమని సలీమే పరుగెత్తి ఫోన్ చేశాడు.

'ఈ వారం ఎవరెవరితో మాట్లాడారు?' అనే ప్రశ్న మొదట ప్రశ్నల కాగితంలో ఉండేది. కాగితం రెండో పేజీకి పోతోందని దాన్ని కొట్టేసింది సబితే.

"మనం ఆకలిని చంపాం సార్," అంది. "అన్నం పెట్టలేదు. ఆకలి లేకపోతే మనిషి అన్నం అడగడు. కడుపు నిండిందని మనం రాసుకున్నాం."

మురహరి ఢిల్లీకి పంపాల్సిన కాగితాలు రెండుగా చించి బల్ల మీద పెట్టాడు. "అరవై మందినీ రేపే పిలిపిస్తాను. తీసేద్దాం. కానీ ఆ యాభై నాలుగు ఎక్కడున్నాయి? వాటిని పెట్టుకున్నవాళ్లను ఎలా పిలుస్తావు? వాళ్లెవరో మనకు తెలియదు. వాళ్లంతట వాళ్లు నొప్పి అని రారు."

"ఒక్క రోజు ఇవ్వండి," అంది సబిత.

*

మర్నాడు పొద్దున ఆరింటికి ఆమె లచ్చవ్వ హోటల్ ముందు కారు దిగింది.

కేంద్రం క్వార్టర్స్ నుంచి అక్కడికి మూడు కిలోమీటర్లు. అక్కడికొచ్చి ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తులేదు. పరిశోధనకు రక్తం తీయడం అయిపోయాక రావాల్సిన పని పడలేదు.

"డాక్టరమ్మకు గిన్నొద్దులకు తొవ్వ దొరికిందా?" అంది లచ్చవ్వ, మరుగుతున్న చాయ్ మీంచి తల ఎత్తకుండానే.

"బాపు ఏడి లచ్చవ్వా? ఇంకా రాలేదా?"

"నన్నడుగుతున్నవా? బిడ్డవు నువ్వు." లచ్చవ్వ ఇప్పుడు తలెత్తింది. "మీ బాపు రాక నాలుగు నెలలాయె. బుక్కు నా గల్లపెట్టె మీదనే ఉంటాంది. మొగిలి సదువుతాండు. సగం పేర్లకు వానికి నోరు తిరగది."

"నోరు తిరగకనే ముప్పై ఏండ్లు నీ పాచి చాయ్ తాగిన్నా?" అన్నాడు బెంచీ చివరన కూర్చున్న ముసలి మొగిలి. ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వించాలని అనలేదు.

మొగిలి కళ్లద్దాలు పెట్టుకుని పేర్లు పిలిచాడు. పోశం పేరుతో కలిపి ముప్పై ఒకటి. పలికినవి తొమ్మిది. పలకని ప్రతి పేరు దగ్గరా అతను ఒక్క క్షణం ఆగి, తల ఎత్తి రోడ్డు వైపు చూసి, మళ్లీ కిందికి దించుకున్నాడు.

"రానోళ్ల ఇండ్లకు పోతలేరా తాతా?" అడిగింది సబిత.

"ఎందుకు పోమమ్మా? పోయినం. మంచిగ కూసోబెడ్తరు. నీళ్లిస్తరు. 'మంచిగనే ఉన్న, మీరు పోండి' అంటరు. అలిగినోడైతే బతిమాలుతం. తాగినోడైతే తిట్టి గుంజుకొస్తం. మంచిగున్నోన్ని ఏం జెయ్యాలె బిడ్డా?"

సబిత పుస్తకం చేతిలోకి తీసుకుంది. ముప్పై ఒకటి లోంచి తొమ్మిది పోతే ఇరవై రెండు. పోశం పోగా ఇరవై ఒక్కమంది. వాళ్లలో ఎవరి కడుపులో ఏ పుండు పగులుతోందో, ఎవరి గుండె ఎప్పుడు ఆగనుందో, ఒక్కడూ నోరు తెరిచి చెప్పడు. పేజీలు వెనక్కి తిప్పింది. హాజరు గుర్తులు ఒక్కసారిగా మాయం కాలేదు. వారానికి ఒకటి, రెండు చొప్పున తగ్గుతూ వచ్చాయి. అందరికంటే ముందు ఖాళీ అయిన గడి ఎవరిదో చూసింది.

గట్టయ్యది.

పుస్తకం మూసేసింది. నాలుగు నెలలు. సరిగ్గా అప్పటినుంచే తండ్రి ఆమెకు ఫోన్ చేయడం మానేశాడు. అంతకుముందు రోజుకు మూడుసార్లు చేసేవాడు. తిన్నావా, పడుకున్నావా, వానొస్తోంది కిటికీలు వేసుకున్నావా. ఆ ఫోన్లు ఆగినప్పుడు ఆమె బాధపడలేదు. పని సాగుతోందని సంతోషించింది.

"చివరగా రాకుండా పోయింది ఎవరు?"

"ఆవుల వెంకటి," అన్నాడు మొగిలి. "పదిరోజులాయె."

*

వెంకటి వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఎండను చూస్తున్నాడు. సబితను చూసి నవ్వాడు. కూర్చోమన్నాడు. ఎందుకొచ్చావని అడగలేదు. అతని భార్య రాజవ్వ మాత్రం సబిత చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"బిడ్డా, నువ్వు డాక్టరువు, నీకు చెప్తే నవ్వద్దు. పదిరోజుల సంది నాతోని కొట్లాడతలేడు."

సబిత నవ్వలేదు.

"నలభై ఆరేండ్ల సంది కూరల ఉప్పు తక్కువని ఒక్క పూటన్న నన్ను తిట్టకుంట ముద్ద మింగలే. ఇప్పుడు ఉప్పు లేకుంట పెట్టినా తింటాండు. మొన్న మనుమరాలు అరుగు మీదికెల్లి పడ్డది. ఆయన పక్కన్నే ఉన్నడు. పొల్ల ఏడ్సుడు ఇనుకుంటనే కూసున్నడు. నేను ఉరికొచ్చి ఎత్తుకున్న. ఏందయ్యా గిట్ల అంటే, 'నువ్వొస్తివి గదా' అన్నడు." రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. "గీ మనిషి నా మనిషి కాదు బిడ్డా. అచ్చం ఆయన లెక్కనే ఉన్నడు, కానీ కాదు."

సబిత బయటికొచ్చి వెంకటి అంగీ గుండీ విప్పింది. అతను అభ్యంతరం చెప్పలేదు. ఎడమ పక్క, మెడ కింది ఎముక చాటున, పది రోజుల గాయం మీద గుడ్డకట్టు ఉంది.

ఆమె వంగి ఆ కట్టును దగ్గరగా చూసింది.

నర్సులు అలా కట్టరు. గుడ్డ భుజం చుట్టూ ఎనిమిది అంకెలా తిరిగింది. ముడి పైకి లేదు. కొసలు రెండూ లోపలి మడతలోకి దోపి, చదునుగా అదిమి ఉన్నాయి. గనిలో ఇరుకు సందుల్లో పాకేటప్పుడు రాయికి తగిలి ఊడిపోకుండా ప్రథమ చికిత్స దళం వాళ్లు వేసే ముడి. ఆరో గని దళం మూడేళ్లు వరసగా పోటీల్లో గెలిచింది. దళం నాయకుడు తన కూతురి మోకాలి మీద ఆ ముడి ఎన్నిసార్లు వేశాడో లెక్కలేదు.

"ఎవలు కట్టిన్రు కాకా ఇది?" అడిగింది సబిత.

"ఎవ్వలికీ చెప్పద్దన్నడు," అన్నాడు వెంకటి మెత్తగా. "చెప్పాల్నని నాకూ అనిపిస్తలేదు."

*

గట్టయ్య క్వార్టర్ తలుపు తీసే ఉంది. ముందు గదిలో నేల మీద చాప వేసుకుని, గోడకు ఆనుకుని, చేటలో చింతపండు పెట్టుకుని గింజలు తీస్తున్నాడు. కాళ్ల మీద దుప్పటి కప్పుకున్నాడు.

"వచ్చినవా? కూసో," అన్నాడు.

ఆమె వచ్చి రెండు నెలలు దాటింది. అంతకుముందైతే గేటు చప్పుడుకే లేచి ఎదురొచ్చేవాడు, చేతిలో సంచి లాక్కునేవాడు, చిక్కిపోయావని తిట్టేవాడు. ఇప్పుడు చింతగింజ ఒకటి తీసి పక్కన పెట్టాడు. ఇంకొకటి తీశాడు.

గదిలో ఏదో వాసన వస్తోంది. చింతపండుది కాదు. సబిత వంగి దుప్పటి లాగింది. ఎడమ కాలి బొటనవేలు నల్లబడి ఉంది. నలుపు పాదం మీదికి పాకుతోంది. పన్నెండేళ్లుగా షుగర్ ఉన్న మనిషి.

"బాపూ! గిది ఎప్పటి సంది?"

"ఏమో. గూటం మీద పడ్డది. పదిరోజులైతుండొచ్చు."

"నొస్తలేదా?"

"నొస్తది."

"మరి నాకెందుకు చెప్పలే?"

గట్టయ్య ఆలోచించాడు. కోపం లేదు, దాపరికం లేదు. "చెప్పాల్ననిపియ్యలే బిడ్డా."

సబిత అతని అంగీ మెడ పక్కకు జరిపింది. గాయం ఎప్పుడో మానింది. వేలితో నొక్కితే చర్మం కింద పెసరగింజంత గట్టిగా తగిలింది. అతను కదలకుండా కూర్చుని నొక్కనిచ్చాడు.

సబిత వెంటనే ఫోన్ తీసి సలీంకు చేసింది. కాలి సంగతి చెప్పింది, అంబులెన్స్, సర్జను, పూస తీసే సరంజామా అన్నీ సిద్ధం చేయమంది. సలీం ఒక్కటే అడిగాడు: "కాకాయేనా మేడం?" ఔనంది. అటువైపు నుంచి ఏడుపు వినిపించింది. ఆమె ఫోన్ పెట్టేసింది.

"పోశం చచ్చిపోయిండు బాపూ."

"ఎర్కనే. నిన్న మాపటికి మట్టికి పోయొచ్చిన."

"నాకు మిగిలినోళ్ల పేర్లు గావాలె. ఇప్పుడే. అంబులెన్సు వచ్చేలోపు. ఇయ్యాల తియ్యకుంటే వాళ్లు కూడా పోశం లెక్కనే పోతరు. నువ్వు కూడా." ఆమె కాలి మీద దుప్పటి మళ్లీ కప్పింది. "తీస్తే మూడ్రోజులు బాగ తిప్పలైతది. ఇన్నిదినాలు అది ఆపిందంతా ఒక్కసారే మీదికొస్తది. అయినా తియ్యాలె. ఎవలు పెట్టిన్రు, ఎంతమందికి పెట్టిన్రు, ఎందుకు పెట్టిన్రు, అంతా చెప్పు."

గట్టయ్య చేట పక్కకు నెట్టాడు. గూట్లోంచి జర్దా డబ్బా తీసి ఆమె ముందు పెట్టాడు. అందులో ముప్పై రెండు పూసలు, పూస అమర్చే పాత సూది ఒకటి ఉన్నాయి. తర్వాత, నిన్నటి కూరగాయల ధర చెప్పినంత నిదానంగా, చెప్పడం మొదలుపెట్టాడు.

"నేనే పెట్టిన. ఇరవై రెండు మందికి. మొదటిది నాకు నేనే పెట్టుకున్న, అద్దం ముంగట నిలబడి. పలుకనోళ్ల పేర్లన్నీ మస్టర్ బుక్కుల ఉన్నయి, అండ్ల ఒక్కటి కూడ తప్పు లేదు, అందర్నీ తీస్కరా. సలీం పోరన్ని ఏమనకుండ్రి. అప్పుడప్పుడు నీకు సద్ది తేనీకి కేంద్రానికి వస్తుంటి గదా. కొలిమి కాడ వేడికి వానికి దమ్ము వస్తదని ఆ డబ్బా నేనే మోసుకపోయిన. పూసలు తువ్వాలల మూట గట్టుకొని ఖాళీ డబ్బా కాల్సిన. కాక అబద్ధం ఆడడని వాడు సంతకం పెట్టిండు. అవి పనికిరానియని ఎర్కనే. ఆపుడు తెల్వదని నువ్వు మీటింగుల చెప్పంగ వెనక నిలబడి ఇన్న. ఆపకుంటెనే మంచిదనుకున్న.

"ఎందుకంటవా. బతుకమ్మ ముందట ఒకనాడు నీకు ఫోన్ జేసిన. తిన్నవా అన్న. తిన్న బాపూ అన్నవ్. నలభై రెండేండ్లు నేను చీకట్ల పనిజేసిన బిడ్డా. అక్కడ కండ్లు కాదు, చెవులే మనిషిని కాపాడేది. పైకప్పు కింద నిలబెట్టిన దుంగ ఇరిగేముందు సన్నగ మూలుగుతది. ఆ మూలుగుడు ఇన్నోడు బతుకుతడు. ఆ దినం నీ గొంతుల నాకు గదే ఇనిపిచ్చింది. నువ్వు తినలే. నిద్రపోలే. నేను ఫోన్ జేస్తే ఎత్తకపోతే బాపు రంది పడ్తడని పని ఇడ్సిపెట్టి ఎత్తుతున్నవ్. నా బిడ్డ మీద ఇంకో మాట బరువు మోపితే ఇరుగుతదనుకున్న. దుంగ మూలిగితే ఏం జెయ్యాలె? మీదున్న బరువు తియ్యాలె. మాకు నేర్పింది గదొక్కటే. ఆ బరువు నేనే అనుకున్న. నిన్ను యాది జేసుకునుడు నాతోని బంద్ గాలె. గందుకే పెట్టుకున్న.

"పెట్టుకున్నంక మస్తు హాయిగ ఉండె. నా మొఖం జూసి పోశం అడిగిండు. తమ్మునికి భారమైతున్న, నాకూ పెట్టన్నడు. నేను వద్దన్న. నా చేతులు పట్టుకొని ఏడ్సిండు. అప్పటికే ఎవలు ఏడ్సినా నాకు ఏమనిపిస్తలే. అనిపిస్తే వాన్ని తిట్టి చాయ్ హోటల్‌కు గుంజుకపోయేటోన్ని. అనిపియ్యలే గనుక, అడిగిండు గదా అని పెట్టిన. తర్వాత ఒకల్ని జూసి ఒకలు అడిగిన్రు. అందరూ ఎవలికో ఒకలికి భారమైతున్నమనే అన్నరు. ఎవ్వలికీ కాదనలే.

"పోశంను సంపింది నేనే. వాడు నాలుగు రోజులు నొప్పితోని ఉంటే నేను రెండిండ్లవతల గీ గోడకానుకొని కూసున్న. వాని పేరు పిలువలే. గా సంగతి నా తలకు ఎర్కనే బిడ్డా. మట్టి పోసేటప్పుడు గూడ తలకు ఎర్కనే. గుండెకు ఇంకా తెల్వలే. నువ్వు ఇది తీసినంక తెలుస్తది. తియ్యి. తప్పించుకోను, జైలుకు పంపినా పోత. ఒక్కటే అడుగుత. నువ్వు ఇది తీసినంక నేను ఏడుస్త. చానాసేపు ఏడుస్త. అప్పుడు పనుందని లేచిపోకు."